సుబ్బూకి, స్విమ్మింగ్ పూల్ గట్టు మీంచి

ఒరేయ్ సుబ్బూ,

నువ్వు పంపిన రెండు కథలూ, జాన్ అప్‌డైక్ 'లైఫ్‌గార్డ్', జాన్ చీవర్ 'స్విమ్మర్', చదివాను. ఒకటి రెండుసార్లు, ఇంకోటి నాలుగుసార్లు. వాయిస్ మెసేజ్ పెడదామనుకున్నా గానీ మూడో నిమిషానికి నా గొంతు నాకే విసుగొచ్చింది. అందుకే ఉత్తరం. డిగ్రీ పిల్లలకి అమెరికన్ కథలు చెప్పే లెక్చరర్‌వి నువ్వు. కాంక్రీటు గురించి చదువుకుంటున్న నన్ను అడుగుతావేంట్రా వాటి అర్థం? "నువ్వు లైఫ్‌గార్డ్‌వి కదా, నీకే తెలియాలి" అన్నావు. సరే, తోచింది చెప్తా.

ముందు ఉద్యోగం సంగతి. "మీవాడికి అక్కడ కుర్చీలో కూర్చుంటే డబ్బులిస్తారంటగా" అని మీ అమ్మ మా అమ్మతో అందట. నిజమేనని చెప్పు. ఇక్కడ అమెరికాలో స్టూడెంట్ వీసా మీద సెమిస్టర్ నడిచినన్నాళ్ళూ వారానికి 20 గంటలే పని, అదీ క్యాంపస్‌లోనే. లైబ్రరీ, క్యాంటీన్ ఉద్యోగాలు మనకంటే ముందొచ్చినవాళ్ళు పట్టేశారు. పూల్ మిగిలింది, దానికి పరీక్ష ఉంది కాబట్టి. 20 గజాలు ఈదాలి, లోతైన చోట మునిగి అడుగునున్న 10 పౌన్ల ఇటుక తీయాలి, అంటే నాలుగున్నర కిలోలు. దాన్ని రెండు చేతులతో గుండెల మీద పట్టుకుని వెల్లకిలా ఈదుతూ వెనక్కి రావాలి. చివర్లో నిచ్చెన ముట్టుకోకుండా గట్టెక్కాలి. ఇదంతా 1 నిమిషం 40 సెకన్లలో.

ఇటుక తెచ్చాను. అయినా కోచ్ నవ్వాడు. "తల పైకెత్తి ఎందుకు ఈదుతున్నావు?" అన్నాడు. మా కాలువలో గుర్రపుడెక్క ఉంటుంది, గేదెలుంటాయి, ఎదర ఏముందో చూసుకోవాలి కదా అన్నాను. నవ్వడం ఆపేసి, మునిగేవాడి దగ్గరికి వెళ్ళేటప్పుడు అలాగే తల ఎత్తి ఈదాలి, వాడి మీంచి చూపు తిప్పకూడదు అన్నాడు. బెండ్లు కట్టుకుని మనం నేర్చుకున్న ఈతకి ఇక్కడ మార్కులు పడ్డాయిరా!

కుర్చీలో కూర్చోవడం తేలికనుకోకు. అరగంటకోసారి మమ్మల్ని మారుస్తారు, అంతకుమించితే కళ్ళు తెరిచే ఉంటాయి గానీ చూడవు. ముందు పూల్ అడుగు చూడాలి, తర్వాత మధ్య నీళ్ళు, తర్వాత పైన. మళ్ళీ అడుగు. బయట మంచు, లోపల ఉక్క, ముక్కునిండా క్లోరిన్.

ట్రైనింగ్‌లో నన్ను నిద్రపోనివ్వని సంగతి ఒకటుంది. న్యూయార్క్‌లో బ్రాంక్స్ అనే పేటలో ఆర్చర్డ్ బీచ్ ఉంది. అక్కడ లైఫ్‌గార్డ్‌గా చేసిన ఫ్రాంక్ పియా అనే ఆయన 1970 ప్రాంతంలో కెమెరా పెట్టి, మనుషులు నిజంగా మునుగుతున్నప్పుడు ఏం చేస్తారో ఫిల్మ్ తీశాడు. మునిగేవాడు అరవడు. నోరు నీళ్ళపైకి వచ్చిన ఆ కాస్త సేపు ఊపిరి తీసుకోవడానికే సరిపోదు, ఇంక మాటెక్కడిది? చెయ్యి ఊపడు, ఊపలేడు. రెండు చేతులూ పక్కలకి చాపి నీళ్ళని కిందికి నొక్కుతుంటాడు. ఒళ్ళు నిలువుగా ఉంటుంది, లేని నిచ్చెన ఎక్కుతున్నట్టు. ఇదంతా 20 నుంచి 60 సెకన్లు. తర్వాత కిందికి వెళ్ళిపోతాడు. సినిమాల్లో "బచావ్" అని చేతులూపేది ఇంకా ఓపిక ఉన్నవాడురా.

ఇప్పుడు అప్‌డైక్ కథ. 1961లో న్యూయార్కర్ పత్రికలో వచ్చిన ఆ 'లైఫ్‌గార్డ్'. తొమ్మిది నెలలు వేదాంతం చదువుకుని, ఎండాకాలం బీచ్‌లో కుర్చీ ఎక్కే కుర్రాడు. కుర్చీ వెనక రెడ్ క్రాస్ గుర్తుంటే దాంట్లో శిలువని చూసుకుని ఊరట పడతాడు. కుర్చీ ఎక్కడమంటే పూజారి అంగీ తొడుక్కోవడమే వాడికి. వచ్చిపోయే ఆడవాళ్ళని చూస్తూ పాపపుణ్యాల లెక్కలు వేస్తాడు. చివర్లో, సాయం కోసం ఒక కేక వస్తుందని చెవులు రిక్కించి కూర్చున్నానని, అదింకా వినపడలేదని బాధపడతాడు. నువ్వు దాన్ని దేవుడి పిలుపు అన్నావు. పిల్లలకి అలాగే చెప్పు, పరీక్షకి పనికొస్తుంది. నాకు మాత్రం నవ్వొచ్చింది, ఆ తర్వాత భయమేసింది. వాడు చెవులతో కాపలా కాస్తున్నాడురా! ఆ కేక ఎప్పటికీ రాదు. వాడు వాక్యాలు చెక్కుకుంటూ కూర్చున్నప్పుడు ఎదురుగా ఎంతమంది చడీచప్పుడు లేకుండా నీళ్ళు మింగారో. అప్‌డైక్‌కి ఈ సంగతి తెలిసే రాశాడా, లేక అనుకోకుండా కుదిరిందా, అది నువ్వు తేల్చు.

నాకంత గర్వం అక్కర్లేదులే. పోయిన నెల, నా షిఫ్టులో, ఆరేళ్ళ పిల్లాడు. నడుం లోతు దాటి ఒక అడుగు ముందుకేశాడు, అంతే. తల వెనక్కి వాల్చి కప్పు వంక చూస్తున్నాడు. వాళ్ళ నాన్న నాలుగడుగుల దూరంలో ఫోన్‌లో. ఆడుకుంటున్నాడనుకున్నా. ఎన్ని సెకన్లు అనుకున్నానో లెక్క లేదు. తర్వాత దూకాను, ట్యూబ్ వాడి చంకల కింద పెట్టి లేపాను. దగ్గాడు, ఏడ్చాడు, బిస్కెట్ అడిగాడు. నా కాళ్ళు మాత్రం సాయంత్రం దాకా వణికాయి.

ఆ తర్వాత రిపోర్ట్ రాయాలి. "పిల్లాడు భయపడ్డాడు" అని రాశాను. సూపర్‌వైజర్ కొట్టేసింది. భయం నీకు కనపడిందా, ఏం కనపడింది అది రాయి అంది. "నోరు నీళ్ళ మట్టానికి ఉంది. శబ్దం లేదు. చేతులు పక్కలకి ఉన్నాయి." నాలుగు లైన్లు రాయడానికి గంట పట్టింది. రచయిత హెమింగ్వే చెప్పిన మంచుకొండ, ఎనిమిదో వంతే నీళ్ళపైన, కథలో మిగతాదంతా చెప్పకుండా కిందే ఉంచాలి, అని నువ్వు హాస్టల్లో నా బుర్ర తినేవాడివి చూడు, ఆ ముక్క నాకు ఎక్కింది ఆ రోజే.

ఆ కళ్ళతోనే చీవర్ 'స్విమ్మర్' మళ్ళీ చదివాను. ఇదీ న్యూయార్కర్‌లోనే, 1964లో. నెడ్డీ మెరిల్ ఆదివారం మధ్యాహ్నం ఫ్రెండ్ ఇంట్లో మందు గ్లాసు పట్టుకుని కూర్చుని, ఎనిమిది మైళ్ళ అవతలున్న తన ఇంటికి పక్కవాళ్ళ పూల్స్ అన్నిట్లో ఈదుకుంటూ వెళ్తానంటాడు. ఆ పూల్స్ వరసకి పెళ్ళాం పేరు పెడతాడు, లూసిండా నది అని. ఇల్లు చేరేసరికి తాళం, లోపల ఖాళీ. కాలం ఎప్పుడు మారిపోయింది, ఇది కలా, తాగుడా, ప్రతీకమా అని మీ స్టాఫ్‌రూమ్‌లో కొట్టుకుంటున్నారన్నావు. ఒరేయ్, వాడు నీళ్ళలోకి ఎలా దిగుతున్నాడో, ఎలా బయటికొస్తున్నాడో చూడండ్రా ముందు. మొదట్లో దూకనివాళ్ళంటే వాడికి చిన్నచూపు. నిచ్చెన వాడడు, గట్టు పట్టుకుని ఒక్క ఊపున లేస్తాడు. పాత ప్రియురాలి పూల్‌లో అలా లేవబోతే భుజాలు లేవవు, నిచ్చెన దాకా ఈదుకెళ్ళి ఎక్కుతాడు. తర్వాతి ఇంట్లో, జీవితంలో మొదటిసారి, మెట్ల మీంచి దిగుతాడు. ఇళ్ళు తిరుగుతుంటే మాటలు వాడి చెవిన పడుతూనే ఉంటాయి, నీ కష్టాలు విన్నామయ్యా అని. వాడు వినడు, మనమూ వాడి ధీమా చూసి వినం. కానీ ఒళ్ళు రిపోర్ట్ రాసేస్తోంది కదా.

మధ్యలో పబ్లిక్ పూల్ సీను నాలుగుసార్లూ ఆగి చదివాను. స్నానం చేసి దిగాలి, కాళ్ళు కడుక్కోవాలి, గుర్తింపు బిళ్ళ పెట్టుకోవాలి అని బోర్డు. గుంపులో వాడు తల పైకెత్తే ఈదుతాడు, మనలాగే! అప్పుడు ఇద్దరు లైఫ్‌గార్డ్‌లు విజిల్ వేసి అరుస్తారు, బిళ్ళ లేనోడా బయటికి రా అని. కథ మొత్తంలో మనుషుల్ని కాపాడటమే పనిగా ఉన్నది ఆ ఇద్దరే, వాళ్ళు చూసింది బిళ్ళ. తప్పు పట్టలేను. కార్డు లేనివాళ్ళని నేనూ అలాగే లేపేస్తుంటాను.

ఇంక అసలు సంగతి, దీనికోసమే ఇంత రాశాను. ఎనిమిదో క్లాసు అయ్యాక, జూన్‌లో కాలువకి నీళ్ళు వదిలిన వారం, లాకుల దగ్గర. గేదెలు కడుగుతున్న తాత నిన్ను జుట్టు పట్టి లాగాడు. "మూడుసార్లు పిలిచాను, వీడు ముంజలు తింటూ కూర్చున్నాడు" అని పదిహేనేళ్ళుగా అందరికీ చెప్తున్నావు. మొన్న మీ పెళ్ళి ఫోటోల కింద కూడా రాశావు. నువ్వు పిలవలేదురా. పిలవలేవు.

అయితే రిపోర్ట్ రాసినట్టు రాస్తా. సుబ్బు నీళ్ళలో నిలువుగా ఉన్నాడు. నోరు తెరిచి ఉంది. చేతులతో నీళ్ళని కిందికి నొక్కుతున్నాడు. శబ్దం లేదు. నేను లాకు గోడ మీద ఉన్నాను, పది అడుగుల దూరం. వాడి వంకే చూస్తున్నాను. యాక్షన్ చేస్తున్నాడనుకుని నవ్వాను.

షిఫ్ట్ టైమైంది. తాత పేరు నీకు గుర్తుంటే రాయి, నాకెంత ఆలోచించినా రావట్లేదు.

నీ
చిన్నా