మజ్జిగ పోసినవాడికి

విశాఖపట్నం
ఆదివారం రాత్రి, పదకొండు దాటింది

ఒరేయ్ సూరీ,

ముందు తిట్టేసుకో. దసరాకి నువ్వు రాసిన ఉత్తరానికి ఇప్పుడా జవాబు అంటావని తెలుసు. మూడుసార్లు మొదలెట్టాను, మూడూ లాగ్‌బుక్కులోనే నలిగిపోయాయి. ఇప్పుడైనా తీరిక దొరికి కాదు. ల్యాబ్‌లో హీటర్ వేసి కూర్చున్నాను. టెంపరేచర్లు ఓ చోట నిలబడ్డానికి ముప్పావు గంట పడుతుంది. అందుకే రీడింగు షీట్ల వెనకాల రాస్తున్నా, అటువైపు అంకెలు కనిపిస్తే పట్టించుకోకు.

ఇంటి కబుర్లు గబగబా: నాన్నకి రెండో కంటి శుక్లం కూడా తీశారు, బానే ఉన్నారు. ఎంవీపీ కాలనీ ఇల్లు ఖాళీ చేసి మధురవాడ వచ్చేశాం. పాపకి ముందుపళ్ళు రెండూ ఊడాయి. మా ఆవిడ నిన్నూ చెల్లెమ్మనీ అడిగానని రాయమంది. రాశాను.

ఇంక అసలు సంగతి. ఎవరికీ చెప్పుకోలేక కడుపు ఉబ్బిపోతోంది. ఇంట్లో చెబితే "రేడియేటరా? ఏ బండిది?" అంటారు. నీకైతే ఏ బండో కూడా తెలుసు.

పోయిన నెల నా పీహెచ్‌డీ ప్రీ-సబ్మిషన్ సెమినార్ అయింది. బయట నుంచి ఒక పెద్దాయన వచ్చారు, రిటైరైన మనిషి. మొదటి పదహారు స్లయిడ్లూ కళ్ళు మూసుకునే ఉన్నారు. హమ్మయ్య, కునుకు తీస్తున్నారనుకున్నా. పదిహేడో స్లయిడు దగ్గర కళ్ళు తెరవకుండానే, "బాబూ, ఆ 0.023 ఎక్కడిది?" అన్నారు.

నవ్వొచ్చింది రా. ఎవడినడిగినా చెప్తాడు కదా! రెనాల్డ్స్ పవర్ 0.8, ప్రాంట్ల్ పవర్ 0.4, ముందు 0.023. గొట్టంలో పారే ద్రవానికి ఉష్ణ ప్రసారం ఎంతో లెక్కగట్టడానికి మనం సెకండియర్లో ఎక్కాల్లా వల్లించిన సమీకరణం.

"డిట్టస్, బోల్టర్ సార్. 1930."

"ఆ పేపర్ చదివావా?"

చదివానన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. నోట్లోంచి వచ్చేసింది.

"దేని గురించి రాశారు?"

"పైపుల్లో టర్బులెంట్ ఫ్లో గురించి సార్."

"ఏ పైపులు?"

అంతే. ప్రొజెక్టర్ ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. మా గైడ్ గారు కిటికీలోంచి కొబ్బరిచెట్టుని పరీక్షగా చూడ్డం మొదలెట్టారు. నా చేతిలో పాయింటర్ ఎర్రచుక్క గోడమీద వణుకుతోంది. ఆర్పుదామంటే బటను దొరకదే! పెద్దాయన మాత్రం ఏమీ కోప్పడలేదు. "చదివి వచ్చి చెప్పు, అప్పుడు సంతకం పెడతా" అని మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. తిడితే బావుండేది.

నా ఆరు పేపర్లలోనూ ఆ రిఫరెన్సు ఉంది, తెలుసా? ఆరింటిలోనూ! ఆ రాత్రి తీసి చూసుకుంటే ఒకదాన్లో పేజీ 443, ఇంకోదాన్లో 433. నేను ఒకడి దగ్గర ఎక్కించుకున్నాను, వాడు ఇంకొకడి దగ్గర. మన హాస్టల్లో ల్యాబ్ రికార్డు చేతులు మారినట్టే. చివరికి "ప్రభాకర్" అన్న పేరు కూడా దించేసినవాడు గుర్తున్నాడా, వాణ్ణి ఎంత ఏడిపించాం!

పేపర్ సంపాదించడం ఇంకో కథ. మాది ప్రైవేటు కాలేజీ. మా బావమరిది చదివేది సర్కారు సంస్థ. 2025 జనవరి నుంచి ప్రభుత్వ సంస్థలకి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద దాదాపు 13,000 జర్నళ్ళు తెరిచారు కదా, 1985లో ఒక జర్నల్ ఆ పాత పేపర్ని మళ్ళీ అచ్చేసిందట. వాడు రెండు నిమిషాల్లో దింపి పంపాడు. ఫీజు కింద బొంగులో చికెన్ వసూలు చేశాడనుకో.

తెరిచాను. శీర్షిక చూశాను. ఒరేయ్ సూరీ, అది కారు రేడియేటర్ల మీద రా! గొట్టాల రకం ఆటోమొబైల్ రేడియేటర్లలో ఉష్ణ ప్రసారం. పవర్‌ప్లాంటు కాదు, బాయిలర్ కాదు. నాకు వెంటనే అనంతగిరి ఘాట్, మీ మావయ్య వ్యాను, బుస్సుమని ఆవిరి, నీళ్ళసీసా ఖాళీ, నువ్వు క్యారేజీ మూత తీసి... ఒక్కణ్ణే పగలబడి నవ్వాను. మా ఆవిడ లేచొచ్చి చూసి వెళ్ళింది.

ఇంకా ఉంది. ఆ పేపర్లో 0.023 లేదు. వేడిచేసేటప్పుడు 0.0243, చల్లార్చేటప్పుడు 0.0265. మరి 0.023 ఎవరిది? మెక్ఆడమ్స్ తన పుస్తకంలో, 1942లో, ఇచ్చినది. 1998లో వింటర్టన్ అనే ఆయనకి నాలాంటి అనుమానమే వచ్చి, ఇదెక్కడ పుట్టిందని తవ్వి ఒక చిన్న వ్యాసం రాశాడు. పోనీ అదేమైనా రహస్యమా అంటే, తలగడ లేక తలకింద పెట్టుకుని పడుకున్నామే ఇంక్రోపెరా పాఠ్యపుస్తకం, దాన్లోనే ఆ సమీకరణం ఉన్న పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. ఏళ్ళ తరబడి దాని మీద తల పెట్టాం గానీ...

అసలు దెబ్బ ఇక్కడ. నా థీసిస్‌లో గొప్ప ఏటంటే, నీళ్ళలో అల్యూమినా నానోపొడి కలిపితే ఉష్ణ ప్రసారం 8 శాతం పెరిగిందని. దేనితో పోలిస్తే? ఆ 0.023 సమీకరణం ఇచ్చే గీతతో. ఉత్త నీళ్ళతో రీడింగులు తియ్యలేదు. అప్పట్లో పంపు పాడైంది, కాన్ఫరెన్సు గడువు దగ్గరపడింది, "నీళ్ళదేముంది, ఫార్ములా ఉందిగా" అనుకున్నా. 0.0243తో లెక్కేస్తే నా 8 కాస్తా 2 అవుతోంది. పైగా ఆ సమీకరణమే 25 శాతం దాకా తప్పు చూపించవచ్చని పుస్తకంలో అచ్చయి ఉంది. పాతిక శాతం వణికే తక్కెడలో ఎనిమిది శాతం తూచి, మూడు పేపర్లు రాశాను రా.

నేనొక్కణ్ణే కాదులే. ఇలా నానోపొడి కలిపిన ద్రవానికి నానోఫ్లూయిడ్ అని చోయ్ అనే శాస్త్రవేత్త పేరుపెట్టింది 1995లో. ఆ తర్వాత ఊళ్ళకి ఊళ్ళే అటు పరిగెత్తాయి. 2009లో 30కి పైగా సంస్థలు ఒకే ద్రవాల్ని పంచుకుని కొలిచి, ఉష్ణవాహకతలో అద్భుతమేం లేదు, పాత సిద్ధాంతం చెప్పినంతే పెరిగింది అన్నాయి. ఆ పరీక్ష నడిపించినాయన బుయోంజోర్నో. తమాషా ఏంటంటే, అదే మనిషి 2006లో ఇచ్చిన గణిత నమూనాని పట్టుకుని ఇప్పటికీ పేపర్ల మీద పేపర్లు అచ్చేస్తున్నారు.

ముఖ్యంగా "స్ట్రెచింగ్ షీట్" వాళ్ళు. సాగదీస్తున్న రేకు పక్కన ద్రవం ఎలా కదులుతుందో 1970లో క్రేన్ ముచ్చటగా తేల్చేశాడు. ఇప్పుడది బీచ్ రోడ్డు మీద ముంత మసాలా బండి. అయస్కాంత క్షేత్రం వెయ్యాలా? రేడియేషన్? కాస్త రసాయన చర్య? స్లిప్ ఎక్కువ, పోరస్ తక్కువ? కలిపి పొట్లం కట్టి జర్నల్‌కి పంపడమే. ఈమధ్య పైన న్యూరల్ నెట్‌వర్కు నిమ్మకాయ పిండుతున్నారు. నవ్వుతున్నాను గానీ, ఆ బండి దగ్గర నేనూ తిన్నవాణ్ణే.

నుకియామా గుర్తున్నాడా, మరిగే నీళ్ళ గ్రాఫు ఆయన? 1934లో జపాను భాషలో రాస్తే ఇంగ్లీషులో వచ్చింది 1966లో. నాకు మాత్రం శనివారం పంపితే మంగళవారానికి "అంగీకరించాం, ఫీజు కట్టండి" అని మెయిలొచ్చింది ఒకసారి. కట్టాను. థీసిస్‌కి పేపర్లు తప్పనిసరి కాదని యూజీసీ 2022లోనే తీసేసినా, మా కాలేజీలో ఇంక్రిమెంటు కాగితంలో ఆ గడి అలాగే ఉంది మరి. 2023లో ప్రపంచం మొత్తం మీద పదివేల పేపర్లు పైనే వెనక్కి తీసుకున్నారని చదివినప్పుడు ముందు చేసిన పని ఏంటో తెలుసా? నాది ఉందేమోనని వెతికాను. లేదు. సంతోషించాలో, ఎవరూ చదవలేదని ఏడవాలో...

ఉండు, రీడింగు నిలబడింది.

వచ్చా. ఈ రాత్రి చేస్తున్నది అదే. ఆనాడు మానేసిన ఉత్త నీళ్ళ రీడింగులు. మొన్నటి నానోఫ్లూయిడ్ పక్కన బీకరులో ఉంది, తెల్లగా, అచ్చం పల్చటి మజ్జిగలా. అడుగున పొడి పేరుకుంది కూడా. ఒరేయ్, ఘాట్ రోడ్డు మీద నువ్వు చేసిందీ ఇదే కదా! నీ పేరు మీద పేటెంటు తీసుకోవాల్సింది.

మొదటి పాయింటు లెక్కేశాను. ఏ పొడీ కలపని నీళ్ళు, 0.023 గీత కన్నా 6 శాతం పైన ఉన్నాయి. రెండుసార్లు కొట్టి చూశాను క్యాలిక్యులేటర్లో. నీళ్ళే రా, ఉత్త నీళ్ళు. నాకు మిగిలింది 2. టెంపరేచర్ కొలిచే నా థర్మోకపుల్ పొరపాటే అంతుంటుంది.

గైడ్ గారికి పొద్దున్న ఎలా చెప్పాలో తోచట్లేదు. పెద్దాయనకైతే చెప్పడం తేలికే. విచిత్రం చూడు, ఆయన దగ్గరికి వెళ్ళాలనే ఉంది. రేడియేటర్ల గురించి చెప్పి, వీలైతే మీ మావయ్య వ్యాను గురించి కూడా...

వాచ్‌మన్ వచ్చి పన్నెండున్నరకి తాళం వేస్తానంటున్నాడు, ఇంకా నాలుగు పాయింట్లున్నాయి. ఫ్లో పెంచాలి. చెల్లెమ్మకి

నీ
రాంబాబు