గుళ్లను తరలించాం, ఇళ్ల సంగతేమిటి?

సంపాదకులకు నమస్కారం.

ఉద్యోగరీత్యా ఆరేళ్లుగా స్టాక్‌హోమ్‌లో ఉంటున్న నేను, మొన్నటి వేసవిలో మమ్మల్ని చూడవచ్చిన మా అత్తగారిని స్కాన్సెన్‌కు తీసుకువెళ్లాను. ఆర్తుర్ హాజేలియస్ 1891లో నెలకొల్పిన ఈ ఆరుబయటి మ్యూజియంలో స్వీడన్ నలుమూలల నుంచి విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టిన పాత కట్టడాలు 150 దాకా ఉన్నాయి. ఫ్యాక్టరీల రాకతో పల్లె బతుకు కళ్లముందే మారిపోతున్న ఆ రోజుల్లో, రైతుల ఇళ్లు, పశువుల కొట్టాలు, గాదెలు కూడా దాచుకోదగినవేనని ఆయనకు తోచింది.

అక్కడి ఒక దుంగల ఇంట్లో పాతకాలపు దుస్తులు కట్టిన ఒకామె, గాట్లున్న కర్రతో పల్చటి రొట్టెలు ఒత్తి, పొడవాటి బద్దతో ఎత్తి కట్టెల పొయ్యిలో తిప్పుతోంది. ఒకరి భాష ఒకరికి రాకపోయినా, పిండి ఎంత గట్టిగా ఉండాలో ఆమె, మా అత్తగారు వేళ్లతోనే చెప్పుకున్నారు. బయటికి వచ్చాక అత్తగారు, "మన మండువా ఇంటి గుమ్మం ఇప్పుడు ఎవరింట్లో ఉందో" అన్నారు. అన్నదమ్ముల పంపకాల్లో ఆ ఇంటిని పడగొట్టి, టేకు స్తంభాలను, చెక్కడపు తలుపులను పాత కలప వ్యాపారికి అమ్మింది మా వాళ్లే కనుక, నేనెవరినీ తప్పుపట్టలేను.

అయితే ఈ విద్య మనకు కొత్తదేమీ కాదు. శ్రీశైలం ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో నిలబెట్టుకున్నాం. గుడికి చేసిన పని ఇంటికి ఎందుకు చేయలేదన్నదే నా ప్రశ్న. ఆంధ్ర తీరపు చుట్టిల్లు, నల్లగొండ జిల్లా ఇక్కత్ నేతగాళ్ల ఇల్లు చూడాలంటే నేడు చెన్నై దగ్గరి దక్షిణచిత్ర మ్యూజియానికి వెళ్లాలి. హైదరాబాద్ శిల్పారామంలో పల్లె మ్యూజియం ఉన్నా, అందులో పని చేస్తున్నవి బొమ్మలు.

మన ఇళ్లను తరలించడం స్వీడన్ ఇళ్లను తరలించినంత సులువు కాదన్నది నిజమే. మూలల్లో గాడి కోసి పేర్చిన దుంగలకు అంకెలు వేసి బండి ఎక్కించవచ్చు గాని మట్టి గోడ లారీ ఎక్కదు. దాన్ని ఉన్నచోటే కొలిచి, కొత్త చోట అదే పద్ధతిలో మళ్లీ పెట్టాలి. అందుకు గోడ పెట్టడం, తాటాకు కప్పడం తెలిసిన పనివాళ్లు ఉండగానే పూనుకోవాలి.

పోలవరం ముంపు గ్రామాల్లో ఇంకా నిలిచి ఉన్న పాత ఇళ్లలో కొన్నింటినైనా, కోయల, కొండరెడ్ల ఇళ్లతో సహా, కొలతలు తీసి తరలించే పని ప్రభుత్వం చేపట్టాలని కోరుతున్నాను. ఆ ఇళ్లలో పెరిగినవారికే అక్కడ జీతమిచ్చి పని కల్పిస్తే, ఏ గది ఎందుకు వాడేవారో వారే చెప్పగలరు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
స్టాక్‌హోమ్, స్వీడన్