కేంబ్రిడ్జి చిరునామా, వేరే కౌన్సిల్

సంపాదకులకు నమస్కారం.

ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జి చుట్టుపక్కల అద్దెకు దిగే మనవాళ్లు మొదట పొరబడేది కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) విషయంలోనే. చిరునామాలో కేంబ్రిడ్జి అని ఉంటుంది కాబట్టి సిటీ కౌన్సిల్‌కే రాసుకుంటారు. ఆర్చర్డ్ పార్క్, హిస్టన్, మిల్టన్, క్యాంబోర్న్ మాత్రం సౌత్ కేంబ్రిడ్జ్‌షైర్ డిస్ట్రిక్ట్ కౌన్సిల్ కిందికి వస్తాయి. నగరాన్ని అన్ని వైపులా చుట్టి ఉన్న ఈ డిస్ట్రిక్ట్ 1974 ఏప్రిల్ 1న ఏర్పడింది. ఆఫీసు క్యాంబోర్న్‌లో ఉంది. ప్రభుత్వ వెబ్‌సైటులో పోస్ట్‌కోడ్ కొట్టి చూసుకున్నాకే నమోదు చేసుకోండి.

కౌన్సిల్ ట్యాక్స్, అంటే ఇంట్లో ఉండేవారు కట్టే స్థానిక పన్ను, బిల్లు పంపేది, వసూలు చేసేది డిస్ట్రిక్టే. కానీ అందులో పెద్ద వాటా డిస్ట్రిక్ట్‌కు పైనున్న కౌంటీ కౌన్సిల్‌కు పోతుంది. పోలీసు, ఫైర్, పారిష్ (ఊరి స్థాయి కౌన్సిల్) వాటాలు వేరు. పన్ను ఇంటి బ్యాండును (ధరల శ్రేణిని) బట్టి ఉంటుంది. ఏ నుంచి హెచ్ వరకు ఉన్న ఈ బ్యాండ్లను 1991 ఏప్రిల్ నాటి ఇళ్ల ధరల మీద కట్టారు. సాధారణంగా 10 వాయిదాలు. ఒక వాయిదా తప్పితే నోటీసు వస్తుంది. దాన్ని పట్టించుకోకపోతే మిగతా ఏడాది సొమ్మంతా ఒకేసారి కట్టమంటారు, ఆపైన కోర్టు సమన్లు, ఖర్చులు. నోటీసును మాత్రం పక్కన పడేయకండి.

ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులైతే పన్ను లేదు. అయితే అది దానంతటది రాదు, యూనివర్సిటీ సర్టిఫికెట్ జతచేసి అడగాలి. పన్ను లెక్కకు వచ్చే పెద్దవారు ఒక్కరే ఉంటే 25 శాతం తగ్గింపు. విద్యార్థి భార్య లేదా భర్త విదేశీయులై, వీసా షరతుల వల్ల ఉద్యోగం చేయడానికి గానీ ప్రభుత్వ భత్యాలు పొందడానికి గానీ వీల్లేకపోతే వారినీ లెక్కలోంచి తీసేస్తారు. ఇది తెలియక పూర్తి పన్ను కట్టేస్తున్న కుటుంబాలను చూస్తే బాధేస్తుంది. వీసా కాపీ జతచేసి రాయండి.

చెత్త డబ్బాలు, ఇంటికి అదనపు గది కట్టుకునే అనుమతి (మామూలు దరఖాస్తుకు 8 వారాల గడువు), హోటల్ వంటగదుల తనిఖీ డిస్ట్రిక్ట్ పనులు. రోడ్డు మీద గుంతలు, బడిలో సీటు, లైబ్రరీ, వృద్ధుల సంరక్షణ కౌంటీవి. పాత సామాను పడేసే మిల్టన్ రీసైక్లింగ్ కేంద్రం కూడా కౌంటీదే. గుంత గురించి డిస్ట్రిక్ట్‌కు రాస్తే ఆ ఫిర్యాదు మళ్లీ కౌంటీకి పోవాల్సిందే, రోజులు దండగ.

ఓటరు నమోదూ డిస్ట్రిక్ట్‌లోనే. వీసాపై ఉన్న భారత పౌరులకు కూడా కామన్వెల్త్ పౌరులుగా అక్కడ ఓటుంది. కౌన్సిల్ ట్యాక్స్‌కు పేరు ఇచ్చినంత మాత్రాన ఓటరు జాబితాలోకి ఎక్కదు, విడిగా దరఖాస్తు చేయాలి.

– ఒక పాఠకుడు