సభలో మనవాళ్లు కొద్దిమందే ఉన్నప్పుడు

చిరంజీవి చిన్నారికి,

నాన్న ఆశీస్సులు. మీ సంఘం నిన్ను నగరపాలక ఎన్నికల్లో నిలబెడతాననడం నాకు గర్వంగా ఉంది. నువ్వు మాత్రం "నలుగురం గెలిచినా మెజారిటీ లేనిచోట ఏం చేయగలం నాన్నా?" అని వెనకాడుతున్నావు. ఆ ప్రశ్నకు నేను హాంకాంగ్ కార్మిక నాయకుడు లీ చ్యుక్ యాన్ గురించి చెప్పాలి. ఫోనులో చెప్పడానికి పెద్ద కథ, అందుకే రాస్తున్నాను.

ఆయన చదివింది సివిల్ ఇంజనీరింగ్. ఆ ఉద్యోగం చూసుకోకుండా కార్మికుల్లోకి వెళ్లారు. 1990లో స్వతంత్ర కార్మిక సంఘాలు కలిసి సమాఖ్యగా ఏర్పడితే దానికి ఏళ్ల తరబడి ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. 1995 నాటికి ఆ నగర శాసనమండలి సభ్యుడు. బ్రిటిష్ పాలన ముగియడానికి కొద్ది రోజుల ముందు, 1997 జూన్‌లో, వేతనాలపై సంఘంతో చర్చలకు కూర్చోక తప్పని చట్టాన్ని తన సొంత బిల్లుగా నెగ్గించుకున్నారు. జూలైలో హాంకాంగ్ చైనా చేతికి వెళ్లాక, పాత శాసనమండలి స్థానంలో వచ్చిన తాత్కాలిక మండలి దాన్ని నిలిపివేసింది. అక్టోబరులో రద్దే చేసింది.

ఆ తర్వాతి నిబంధనలు ఇంకా కఠినం. ప్రభుత్వ విధానాన్ని తాకే బిల్లును సభ్యుడు పెట్టాలంటే ప్రభుత్వాధినేత రాతపూర్వక అనుమతి కావాలి. సభ్యుడు పెట్టే తీర్మానం అప్పట్లో రెండు వర్గాల్లోనూ, అంటే జనం ఎన్నుకున్నవారిలోనూ, వృత్తులు, వ్యాపారాల ప్రతినిధుల్లోనూ, విడివిడిగా నెగ్గాల్సి వచ్చేది. 2021లో మార్చేదాకా మండలిలో సగం స్థానాలు ఆ ప్రతినిధులవే. జనం ఎన్నుకున్న సభ్యులంతా ఒక మాట మీద నిలబడినా ఆ రెండో వర్గంలో వీగిపోయేది. ప్రభుత్వం తెచ్చే బిల్లుకు మాత్రం మామూలు మెజారిటీ చాలు. ఈ తేడా జాగ్రత్తగా గమనించు తల్లీ. అలాంటి సభలో కార్మిక ప్రతినిధి ఓట్లు లెక్కబెట్టుకుంటూ కూర్చుంటే పని జరగదు. ప్రభుత్వమే ఆ బిల్లు తెచ్చి తీరాల్సిన పరిస్థితి బయట కల్పించాలి.

కనీస వేతనం అలాగే వచ్చింది. ప్రభుత్వం 2006లో పారిశుద్ధ్య కార్మికులకు, కాపలాదారులకు న్యాయమైన జీతం ఇవ్వండని యజమానులను స్వచ్ఛందంగా కోరి చూసింది. అది ఫలించలేదు. సంఘాలు వీధిలో, ఆయనలాంటివారు సభలో అడుగుతూనే ఉన్నారు. బిల్లు చర్చలో ఉన్న 2010లో, రెస్టారెంట్ల రంగం ప్రతినిధి ఒకాయన గంటకు 20 హాంకాంగ్ డాలర్లు చాలన్నారు. ఊరంతా మండిపడింది. సంఘాలు 33 అడిగాయి. చివరికి 2011 మే 1 నుంచి 28 హాంకాంగ్ డాలర్లతో అమల్లోకి వచ్చింది. అడిగినంత రాలేదు, నిజమే. కానీ రాత్రంతా మెట్ల కింద కాపలా కాసేవాడికి మొదటిసారి చట్టం ఒక అంకె ఇచ్చింది. దాన్ని తక్కువ చేయడానికి నాకు మనసొప్పదు.

2013లో ఓడరేవు కాంట్రాక్టు కార్మికులు సమ్మెకు దిగారు. క్రేను నడిపేవాళ్లు దిగే తీరిక లేక ఆ పైనే తినేవారు, అక్కడే కాలకృత్యాలు కూడా. అప్పటికి శాసనసభ్యుడైన లీ సమ్మె శిబిరంలోనే ఉండి నడిపించారు. జనం చందాలు పోగుచేసి కార్మికుల ఇళ్లలో పొయ్యి ఆరకుండా చూశారు. 40 రోజుల తర్వాత 9.8 శాతం పెంపుతో ముగిసింది. వాళ్లు అడిగింది అంతకు దాదాపు రెట్టింపు. సంఘంతో చర్చలకు కూర్చోవాలన్న ఆ చట్టం ఉండి ఉంటే అన్ని రోజులు పట్టేది కాదు. 1997లో పోయింది ఎంత విలువైనదో నాకు అక్కడే అర్థమైంది. అది ఇప్పటికీ తిరిగి రాలేదు.

ఆయన 2016లో ఓడిపోయారు. 2019 నాటి అనుమతిలేని ప్రదర్శనల కేసుల్లో 2021లో జైలు శిక్ష పడింది. సమాఖ్యను రద్దు చేయాలని అదే ఏడాది సభ్యులు ఓటు వేశారు. ఈ సంగతి నీ దగ్గర దాచి, తేలికైన దారి అని చెప్పి పంపలేను.

మన చోట నిబంధనలు వేరు, నీ పని అంత కష్టం కాదు. నామినేషన్ సంగతి తేల్చుకునే ముందు మీ వార్డులోని కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికుల జీతం చీటీలు పోగుచెయ్యి. కాగితం మీద ఎంత, చేతికి ఎంత, పీఎఫ్ కోసం కోసింది ఖాతాలో పడిందా లేదా రాసుకో. ఆదివారం వచ్చేటప్పుడు ఆ పుస్తకం తీసుకురా. ఇద్దరం కూర్చుని చూద్దాం.

నీ నాన్న