డెత్ లైనప్‌ల చిక్కుముడి విప్పినవాళ్లకి థాంక్స్

అమెరికా మెటల్ బ్యాండ్ డెత్ తొలినాళ్ల లైనప్‌లలో (అంటే సభ్యుల్లో) ఎవరు ఎప్పుడొచ్చారో, ఎప్పుడు వెళ్లిపోయారో చార్ట్ వేసుకుంటూ, అర్థంకాక అడిగితే ఇంత ఓపిగ్గా విడమర్చి చెప్పిన అందరికీ పేరుపేరునా థాంక్స్. పాత క్యాసెట్ కవర్లు వెతికి, సన్న అక్షరాలు కూడా కనబడేలా ఫోటోలు తీసి పంపిన అన్నకి ఇంకాస్త ఎక్కువ.

నా తలనొప్పంతా 1985 దగ్గరే. ఫ్లోరిడాలో గిటారిస్ట్ చక్ షుల్డినర్, రిక్ రాజ్, కామ్ లీ కలిసి మాంటస్ అనే పేరుతో బ్యాండ్ మొదలుపెట్టారు, 1984లోనే పేరు డెత్‌గా మార్చారు, అంతవరకు సరే. ఆ తర్వాత చూడండి: రిక్ రాజ్ బయటికి, మిషిగన్ నుంచి స్కాట్ కార్ల్‌సన్, మాట్ ఒలివో లోపలికి, కొన్నాళ్లకే వాళ్లూ ఇంటిదారి (తర్వాత రిపల్షన్ అనే బ్యాండ్ వీళ్లదే), కామ్ లీ కూడా పోయాడు, చక్ శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లి డీఆర్ఐ బ్యాండ్ మాజీ డ్రమ్మర్ ఎరిక్ బ్రెక్ట్‌తో కొంతకాలం, మళ్లీ ఫ్లోరిడా, 1986 మొదట్లో కెనడా వెళ్లి స్లాటర్ అనే బ్యాండ్‌లో చేరి, అక్కడా కుదరక వెనక్కి, మళ్లీ కాలిఫోర్నియా. అప్పటికి మనవాడికి పంతొమ్మిదేళ్లు కూడా నిండలేదు!

అక్కడ డ్రమ్మర్ క్రిస్ రీఫర్ట్ దొరికాక గానీ పని ముందుకి కదల్లేదు. ఇద్దరూ కలిసి డెమో చేశారు, కాంబాట్ రికార్డ్స్ అనే కంపెనీ వాళ్లని తీసుకుంది, 1987లో ‘స్క్రీమ్ బ్లడీ గోర్’ ఆల్బమ్ వచ్చింది. డ్రమ్స్ రీఫర్ట్, మిగతావన్నీ చక్. గిటారిస్టుగా పేరేసిన జాన్ హ్యాండ్ అందులో ఒక్క ముక్క కూడా వాయించలేదట.

చక్ ఫ్లోరిడా తిరిగెళ్తుంటే రీఫర్ట్ అక్కడే ఉండిపోయి ఆటాప్సీ అనే బ్యాండ్ పెట్టుకున్నాడు. ఇక చక్ చేసిన పని నాకు భలే నచ్చింది: మ్యాసకర్ బ్యాండ్ నుంచి ఏకంగా ముగ్గుర్ని, రిక్ రాజ్‌తో సహా, తెచ్చేసుకున్నాడు. 1988లో వచ్చిన ‘లెప్రసీ’ ఆల్బమ్ ఈ లైనప్‌దే. దాని మీద బాస్ గిటార్ టెర్రీ బట్లర్ అని ఉంటుంది కానీ రికార్డింగ్‌లో వాయించింది చక్కే అని చెప్పిన అక్కా, మీకు ప్రత్యేకంగా దండం. నేను బాస్ నేర్చుకునేది ఆ పాటలు వింటూనే, ఇన్నాళ్లూ ఎవరి వేళ్లని ఫాలో అవుతున్నానో ఇప్పుడు తెలిసింది.

మీ పుణ్యమా అని నా చార్ట్‌లో ఇప్పుడు రెండు గడులు వేరుగా ఉన్నాయి, కవర్ మీద ఉన్నవాళ్లు, నిజంగా వాయించినవాళ్లు. ‘లెప్రసీ’ తర్వాతి సంగతి, గిటారిస్ట్ జేమ్స్ మర్ఫీ దగ్గర్నుంచి, ఇంకా ముట్టుకోలేదు. అప్పుడు మళ్లీ మిమ్మల్నే విసిగిస్తా, రెడీగా ఉండండి.