కట్టర్ ఆన్ చేసే ముందు

బిడ్డా,

వట్టినాగులపల్లి ఫైర్ ట్రైనింగ్ సెంటర్ నుంచి ఫోన్ చేసి, హైడ్రాలిక్ కట్టర్‌తో పాత కారు పిల్లర్ (పైకప్పును మోసే కమ్మి) కోశానని నువ్వు చెబుతుంటే నాకు కడుపు నిండిపోయింది. ఫోన్‌లో తీరిగ్గా చెప్పడం కుదరక ఉత్తరం రాస్తున్నాను. రేపు నీకు హైవే పక్క ఫైర్ స్టేషనే పడొచ్చు.

జనం కట్టర్ పట్టినవాణ్నే చూస్తారు, వీడియోల్లో వాడే కనిపిస్తాడు. మిగతావాళ్లు చేసే పని నువ్వు చూడాలని నా కోరిక.

సూర్యాపేట దాటాక ఒక తెల్లవారుజామున, ఆగి ఉన్న లారీని వెనక నుంచి ఇంకో లారీ గుద్దింది. క్యాబిన్ నుజ్జయింది, డ్రైవర్ కాళ్లు డ్యాష్‌బోర్డు కింద ఇరుక్కున్నాయి. మేం వెళ్లేసరికి జనం స్టీరింగ్‌కు గొలుసు కట్టి వేరే బండితో లాగబోతున్నారు. మంచి మనసుతోనే. కానీ అలా లాగితే ఏది విరిగి ఎటు గుచ్చుకుంటుందో ఎవరి చేతిలోనూ ఉండదు. మా ఎస్‌ఎఫ్‌ఓ (స్టేషన్ ఫైర్ ఆఫీసర్) సార్ అరవలేదు. గొలుసు పట్టుకున్న పెద్దాయనతో, "అన్నా, జనం ఇటు రాకుండా నువ్వు చూడాలె" అన్నారు. ఆయనే తాడు కట్టి అందరినీ ఆపాడు.

మా డ్రైవర్ ఆపరేటర్ ఫైరింజన్‌ను ట్రాఫిక్‌కు అడ్డంగా నిలిపాడు. ఒకరు చక్రాలకు చెక్కలు బిగించి, బ్యాటరీ నెగటివ్ వైరు ముందు తీశారు. డీజిల్ కారుతోంది కాబట్టి ఇంకొకరు ఫోమ్ బ్రాంచి (నురగ చిమ్మే గొట్టం) పట్టుకుని నిలబడ్డారు. పని అయ్యేదాకా ఆ మనిషి బ్రాంచి తెరవాల్సిన అవసరమే రాలేదు, అక్కణ్నుంచి అడుగు కదల్లేదు. నన్నడిగితే ఆ రాత్రి అందరికంటే కష్టమైన డ్యూటీ అతనిదే.

నేను క్యాబిన్ లోపలికి దూరి లారీ డ్రైవర్ తల కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాను. దుప్పటి కప్పి, ఏ చప్పుడు ఎందుకొస్తుందో ముందే చెబుతూ ఉన్నాను. అతను మాటిమాటికీ క్లీనర్ ఏడని అడిగాడు. బయట కూర్చుని నీళ్లు తాగుతున్నాడని చెప్పాను, నిజంగానే తాగుతున్నాడు. నీకు తెలియని సంగతి ఇరుక్కున్న మనిషికి ఎప్పుడూ చెప్పకు.

ర్యామ్ (జాకీలా నెట్టే హైడ్రాలిక్ పనిముట్టు) పెట్టి డ్యాష్‌బోర్డును అంగుళం ఎత్తడం, జారి మళ్లీ కాళ్ల మీద పడకుండా కింద చెక్క దూర్చడం, మళ్లీ అంగుళం ఎత్తడం. మధ్యలో 108లో వచ్చిన అమ్మాయి "ఆపండి" అంది. ర్యామ్ నడిపేవాడు ఎందుకని అడగలేదు, వెంటనే ఆపేశాడు. చాలాసేపు నలిగిన కాలును ఒక్కసారిగా వదిలితే, దెబ్బతిన్న కండరాల్లోని పొటాషియం రక్తంలో కలిసి గుండె ఆగే ప్రమాదం ఉంటుంది. ఆమె సెలైన్ ఎక్కించి సరే అన్నాకే మళ్లీ మొదలుపెట్టాం. మొదలుపెట్టమనే మాట ఒక్క ఆఫీసర్ నుంచే రావాలి బిడ్డా, ఆపమనే మాట మాత్రం ఎవరి నోట వచ్చినా అందరూ ఆగాలి. అతన్ని స్ట్రెచర్ మీదికి తీసుకునేసరికి తెల్లారింది.

మాకు లేని టెన్షన్లు మీకున్నాయి. సీఎన్‌జీ సిలిండర్లు, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు హైవోల్టేజ్ కేబుళ్లు, పేలని ఎయిర్‌బ్యాగులు. పిల్లర్ కోసే ముందు దాని ప్లాస్టిక్ ఊడదీసి, కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ గ్యాస్ సిలిండర్ అక్కడుందేమో ఇంకొకరు చూసి చెప్పాలి. కోసే తొందరలో ఉన్నవాడి కంటికి అది ఆనదు. అంతకన్నా ముందు డోరు హ్యాండిల్ ఒకసారి లాగి చూడు, చాలాసార్లు అదే తెరుచుకుంటుంది.

ఏటా ఏప్రిల్ 14న మనం ఎవరిని తలుచుకుంటామో నీకు చెప్పే ఉంటారు. 1944లో బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలి 66 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు. ఆ ఓడలో పత్తి బేళ్లూ పేలుడు సామగ్రీ రెండూ ఉన్నాయి. ట్యాంకర్ ప్రమాదానికి వెళ్తే లోడు ఏమిటో తెలుసుకోకుండా దగ్గరికి పోవద్దు.

ఎంత చేసినా కొందరు బతకరు. అలాంటి రోజు స్టేషన్‌కు వచ్చాక మీలో ఎవరైనా కంచం ముందు కూర్చుని అన్నం కలపకుండా ఉంటే, వెళ్లి పక్కన కూర్చో, మాట్లాడించు. అవసరమైతే ఆఫీసర్‌కు చెప్పు. మా కాలంలో ఇవన్నీ మింగి ఊరుకునేవాళ్లం, దానివల్ల తాగుడుకు బానిసలైనవాళ్లున్నారు.

పడుకునే ముందు టూల్స్ తుడిచి, హోస్‌లూ కప్లింగ్‌లూ చూసి, టూల్స్ నడిపే పంపులో పెట్రోల్ నింపి పెట్టండి. అందరూ కలిసే చెయ్యండి, కొత్తవాడి మీద వదిలెయ్యకండి. పోస్టింగ్ ఆర్డర్ రాగానే ఫోన్ చెయ్యి, మీ అమ్మ రోజూ అడుగుతోంది.

ఆశీస్సులతో,
నాన్న