ట్రేడ్‌లపై ఓటింగ్ తీసేస్తున్నాం

మా దగ్గర ఏళ్లుగా ఫాంటసీ ఫుట్‌బాల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లతో ఊహా జట్లు కట్టి, అసలు మ్యాచ్‌లలో వాళ్ల ఆటను బట్టి పాయింట్లు లెక్కేసే పోటీ) లీగ్‌లు నడుపుకుంటున్న అందరికీ నమస్కారం. వచ్చే సీజన్ నుంచి ఏ లీగ్‌లోనూ ట్రేడ్‌ల మీద, అంటే జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడి మీద, సభ్యుల ఓటింగ్ ఉండదు. ట్రేడ్‌లపై అప్పీళ్లు చూసే బయటి రివ్యూ ప్యానెల్‌తో ఒప్పందం కూడా రద్దు చేసుకున్నాం. డ్రాఫ్ట్ (సీజన్‌కు ముందు ఆటగాళ్లను ఎంచుకోవడం), స్కోరింగ్, వేవర్లు (ఏ జట్టులోనూ లేని ఆటగాళ్లను తీసుకోవడం), ప్లేఆఫ్స్ అన్నీ ఎప్పటిలాగే ఉంటాయి.

పోయిన సీజన్‌లో మీ ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ట్రేడ్ రివ్యూల మీదే. అందులో ఒకటి ఇప్పటికీ నన్ను వదలడం లేదు. 12 జట్ల లీగ్. ఆరు వారాలకు ఒకే ఒక్క గెలుపుతో ఉన్న మేనేజర్. ఇద్దరు వైడ్ రిసీవర్లకు (పాస్‌లు అందుకునేవాళ్లు) గాయాలు, స్టార్ రన్నింగ్ బ్యాక్‌కు (బంతితో పరుగెత్తేవాడు) సరిగ్గా ఆ వారమే బై, అంటే మ్యాచ్ లేదు. ఇంకొక్కటి ఓడితే ప్లేఆఫ్స్ ఆశ వదులుకోవాల్సిందే. అందుకే ఆ స్టార్‌ను ఇచ్చేసి, వారం వారం నికరంగా పాయింట్లు తెచ్చే ఇద్దరు రిసీవర్లను తీసుకున్నాడు. అతని స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి. నాలుగు ఓట్లు వ్యతిరేకంగా పడి ట్రేడ్ ఆగిపోయింది. ఆ నలుగురిలో ముగ్గురు, రన్నింగ్ బ్యాక్ వెళ్లాల్సిన జట్టుతో ప్లేఆఫ్ చోటు కోసం పోటీ పడుతున్నవాళ్లు! పోటీదారు బలపడకూడదన్నదే వాళ్ల బాధ. ఆట న్యాయంగా సాగాలన్న పట్టింపు అందులో నాకు కనబడలేదు.

అప్పీలు ప్యానెల్‌కు వెళ్లింది. శుక్రవారానికి తీర్పు రావాలి. ఆదివారం మ్యాచ్‌లు మొదలయ్యాక వచ్చింది, అదీ ఒక్క లైను: ‘ఇరువైపులా విలువలో తేడా ఎక్కువగా ఉంది.’ అప్పటికే ఆటగాళ్లకు లాక్ పడిపోయింది, ఇక మార్చుకోవడానికి లేదు. వేవర్లలోంచి పనికొచ్చేవాణ్ణి తీసుకునే దారి కూడా లేకుండా పోయింది. మొదటి నుంచీ మాతో ఉన్న కస్టమర్ ఆ వారం ఖాళీ స్లాట్లతో ఓడిపోయాడు.

మ్యాచ్‌లు మొదలయ్యేలోపు తీర్పు ఇవ్వాలని ఒప్పందంలో రాసుకున్న మాటే. ఎందుకు ఇవ్వలేదని అడిగితే ప్యానెల్ వాళ్లు ఆలస్యం గురించి మాట్లాడనే లేదు, ఆటగాళ్ల విలువను అంకెల్లో చూపే ట్రేడ్ వాల్యూ చార్ట్ పంపించారు. ఇటు అంకెలు, అటు అంకెలు కూడి తేడా చూపించడమే వాళ్లు చేసిన రివ్యూ. ఎవరికి బై ఉందో, ఎవరి బెంచ్ ఎంత బలహీనంగా ఉందో, ఎవరికి ఈ వారమే గెలవడం అవసరమో చార్ట్‌కు తెలియదు. కూడికలు చేయించుకోవడానికి మేం వాళ్లకు డబ్బు కట్టలేదు. మా పేరు మీద వెళ్లిన తీర్పులు అంత నిర్లక్ష్యంగా ఉండటం నాకు చాలా అవమానంగా అనిపించింది.

ప్యానెల్‌ను వదిలించుకోవడం తేలికే. ఓటింగ్ తీసేయాలా వద్దా అన్నదగ్గరే నిద్ర పట్టలేదు. ‘ఓటు మా హక్కు, దాని మీద చెయ్యి వేయకండి’ అని కొందరు లీగ్ కమిషనర్లు (లీగ్ నిర్వాహకులు) రాశారు, వాళ్ల మాటంటే నాకు గౌరవం. వీటోకు కావలసిన ఓట్లు నాలుగు నుంచి ఆరుకు పెంచితే చాలని ఇంకొందరన్నారు. ఆలోచించాను. కానీ ఎన్ని ఓట్లు పెట్టినా తీర్పు చెప్పేది ఆ ఫలితంతో లాభమో నష్టమో ఉన్నవాళ్లే కదా?

పైగా ట్రేడ్ జరిగిన రోజున ఎవరు నష్టపోయారో ఎవరికి తెలుసు? 1989 అక్టోబర్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డాలస్ కౌబాయ్స్ తమ స్టార్ రన్నింగ్ బ్యాక్ హెర్షెల్ వాకర్‌ను మిన్నెసోటా వైకింగ్స్‌కు ఇచ్చేసినప్పుడు, డాలస్ మోసపోయిందన్నవాళ్లు చాలామంది. అప్పటికి ఆడిన ఐదూ ఓడిపోయిన జట్టది. ఆ ట్రేడ్‌లో వచ్చిన డ్రాఫ్ట్ పిక్‌లలో (కొత్త ఆటగాళ్లను ఎంచుకునే అవకాశాలు) ఒకదాన్ని వాడే మరుసటి ఏడాది రన్నింగ్ బ్యాక్ ఎమిట్ స్మిత్‌ను తెచ్చుకున్నారు. 1992, 1993, 1995 సీజన్ల సూపర్ బౌల్‌లు, అంటే లీగ్ ఫైనల్స్, గెలిచింది డాలసే. ఆ రోజు ఓటింగ్ పెట్టి ఉంటే ఆ ట్రేడ్ నిలిచేదా?

2011లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ కమిషనర్ డేవిడ్ స్టెర్న్, ఆటగాడు క్రిస్ పాల్‌ను ట్రేడ్‌లో లేకర్స్ జట్టుకు వెళ్లనివ్వలేదు కదా అని ఒకరు గుర్తుచేశారు. నిజమే. కానీ అప్పుడు పాల్ ఆడుతున్న న్యూ ఓర్లీన్స్ హార్నెట్స్‌కు యజమాని లీగే. ఓనర్ స్థానంలో ఉండి కాదన్నారు. మన లీగ్‌లలో నీ జట్టుకు ఓనర్ నువ్వే.

ఇక నుంచి ట్రేడ్‌ను ఆపేది కుమ్మక్కు ఉన్నప్పుడే. ఒకే మనిషి రెండు ఖాతాలు నడపడం, బై వారానికి ఆటగాణ్ణి అప్పిచ్చి తర్వాత వెనక్కి తీసుకోవడం, లీగ్ బయట డబ్బు మాట్లాడుకోవడం, ఆశ వదులుకున్న జట్టు స్నేహితుడికి తన ఆటగాళ్లందరినీ ధారపోయడం. ఇలాంటివి. ‘నేనైతే ఒప్పుకునేవాణ్ణి కాదు’ అన్నది ఫిర్యాదు కాదు. ట్రేడ్ ఒప్పుకున్నాక 24 గంటల గడువు ఉంటుంది, అందులో ఎవరూ ఆధారంతో అభ్యంతరం చెప్పకపోతే దానంతట అదే అమలవుతుంది. గురువారం రాత్రి ఆడేవాళ్లు అందులో ఉంటే బుధవారమే తేల్చుకోండి.

బాధ్యత నుంచి తప్పుకుంటున్నానని ఒకరు రాశారు. ఆ మాట నొప్పించింది. నిజానికి ఇప్పుడు ప్రతి అభ్యంతరమూ నేనే చదువుతాను, కారణంతో సహా నా పేరుతోనే జవాబు వస్తుంది, మొదటి మ్యాచ్‌కు ముందే వస్తుంది.

ప్యానెల్ కోసం మీరు కట్టిన రుసుము వచ్చే బిల్లులో తగ్గిస్తాం. ఓటింగ్ లేని లీగ్ మాకు వద్దనుకునేవాళ్లు డ్రాఫ్ట్‌కు ముందు చెప్పండి. కట్టిన డబ్బంతా తిరిగిస్తాం, మీ లీగ్ పాత సీజన్ల రికార్డులు ఫైల్‌గా పంపిస్తాం. ఓటింగ్ బటన్ మాత్రం తిరిగి పెట్టను.